పాత ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కి పాయింట్ 22 తూటా

ఇంటి షెడ్డులో లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) పెట్టుకుని, బ్రిటిష్ సైన్యం వాడిన పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ని పాయింట్ 22 అనే చిన్న తూటాకి మార్చుకున్న ఒక అమెరికా పెద్దాయన గురించి చదివాను, ఆయన ఓపికకి దండం. కానీ కొందరు "ఏముంది, గొట్టంలో సన్న గొట్టం దూరిస్తే సరి" అంటున్నారు, అంత తేలికైతే ఇంకేం! ఆ రైఫిల్ అసలు తూటా పాయింట్ 303కి దెబ్బ పడాల్సింది అడుగున నట్టనడుమ, పాయింట్ 22కి అడుగు అంచు మీద, అంటే తూటాని వెనక నుంచి కొట్టే బోల్టు సంగతి కూడా చూడాల్సిందే, అసలు తలనొప్పి అక్కడే.

ఇదేం కొత్త ఆలోచన కాదు లెండి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే బ్రిటిష్ సైన్యం శిక్షణ కోసం తన రైఫిళ్లని ఇలా మార్పించింది, తూటా చవక, భుజం మీద తన్ను ఉండదు, చిన్న రేంజ్ చాలు. మన ఎన్‌సీసీ కుర్రాళ్లు పట్టిన నెంబర్ టూ మార్క్ ఫోర్ రైఫిల్ ఆ వంశానిదే.

ఇది చదివి ఇక్కడెవరైనా చెయ్యి పెడతారేమో, అదే నా టెన్షన్. మన 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం దానికి ప్రత్యేక లైసెన్స్ లేకుండా తుపాకీని మార్చడమే నేరం, 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్ల జైలు, యావజ్జీవం దాకా కూడా వెయ్యొచ్చు.

ఇంతకీ ఆ పెద్దాయన పాత బోల్టు, గొట్టం దాచాడా? భాగాలన్నిటి మీదా ఒకే నంబరున్న అసలు రైఫిల్‌ని కోసేసి ఉంటే మాత్రం నాకు మనసొప్పదు.