గేటు ఉంది, గోడ ఉంది... గుడి ఉన్నట్టేనా?

2023 జులై 14, శుక్రవారం రాత్రి. కరాచీలోని సోల్జర్ బజార్‌లో కరెంటు పోయింది. ఆ చీకట్లో బుల్డోజర్లు వచ్చి మారి మాత గుడిని పడగొట్టాయని స్థానిక హిందువులు చెప్పారు. దాదాపు 150 ఏళ్ల నాటిదని చెప్పే గుడి అది. అక్కడి మద్రాసీ హిందువులు, అంటే దక్షిణాది మూలాలున్న కుటుంబాలు, దాన్ని చూసుకుంటున్నారు. గుడిని ఎవరూ కూల్చలేదని, అది చెక్కుచెదరకుండా ఉందని నగర మేయర్ ముర్తజా వహాబ్ ప్రకటించారు.

పాకిస్తాన్‌లోని గుళ్ల మీద వ్యాసం రాస్తూ నేను ఈ పేరా దగ్గర ఆగిపోయాను. "మారెమ్మ గుడిని కూల్చేశారు, నేలమట్టం చేశారు" అని రాసి పెట్టాను. ముప్పై ఏళ్లు పత్రికల్లో డెస్కు పని చేసిన మా పెదనాన్న ఆ మాట కింద పెన్సిల్‌తో గీత గీశారు. అక్కడ మొదలైన వాదన ఇది.

పెదనాన్న: ఎవరు కూల్చారమ్మా? కర్త లేకుండా వాక్యం రాశావు. చదివేవాడు ఆ కర్తను తనే వేసుకుంటాడు. మతం పిచ్చి పట్టిన గుంపు వచ్చి పడగొట్టిందనుకుంటాడు. కరాచీ హిందువులే ఆ మాట అనలేదు కదా.

నేను: అనలేదు. స్థలం మీద కన్నేసిన వాళ్ల పనేనన్నారు. నాలుగైదు వందల గజాల జాగా, పెద్ద నగరంలో. దొంగ కాగితాలతో ఎవరికో అమ్మేశారన్న మాటా వినిపించింది. కానీ పెదనాన్నా, భూమి కోసం పడగొడితే గుడి పడనట్టా?

పెదనాన్న: పడిందా లేదా అన్నదే తగాదా. నగరానికి మేయరైన మనిషి లేదంటున్నాడు. నిజం తేల్చడానికి సాయం చేయమని హిందూ పంచాయతీని అడిగామని కూడా చెప్పాడు. రెండు వైపులా మాట ఉన్నప్పుడు "ఆరోపణ" అని రాయాలి. నేను ఎంతమంది కుర్రాళ్లకు చెప్పానో ఈ సంగతి.

నేను: ఆ రెండు మాటలూ ఒకే తూకమా? అక్కడి వాళ్లు చెప్పింది వినండి. బయటి గోడలు, పెద్ద గేటు అలాగే వదిలేశారు. లోపలున్న కట్టడమంతా తీసేశారు. రోడ్డు మీద నుంచి చూస్తే గుడి ఉంటుంది, గేటు తీస్తే ఉండదు. పోలీస్ స్టేషన్ దగ్గరలోనే ఉంది. ఆ రాత్రి పోలీసు బండి కూడా అక్కడే ఉందని చుట్టుపక్కల వాళ్లన్నారు. ఇంత వివరంగా చెబుతుంటే వాళ్లది "ఆరోపణ", మేయర్‌ది "ప్రకటన" అవుతుందా?

పెదనాన్న: వివరాలంటున్నావు కాబట్టి నువ్వు వదిలేసిన వివరం ఒకటి నేను చెబుతాను. అప్పటికి విగ్రహాలు చాలావరకు గర్భగుడిలో లేవు. కట్టడం పాతబడింది, ఎప్పుడైనా కూలుతుందని ఒత్తిడి తెస్తే నిర్వాహకులే వాటిని వెనకాల చిన్న గదిలోకి మార్చుకున్నారు. అమ్మవారు క్షేమంగా ఉంది, పోయింది ప్రమాదకరమైన పాత భవనమే అని అధికారులు వాదించొచ్చు. దానికి నీ జవాబేంటి?

నేను: ఆ మాట యాదగిరిగుట్టలో అని చూడమనండి. గుడిని తిరిగి కట్టేటప్పుడు 2016లో బాలాలయం, అంటే దేవుడికి తాత్కాలిక గుడి, కట్టి, 2022 మార్చిలో మహాకుంభ సంప్రోక్షణ జరిగేదాకా నిత్యపూజలు అక్కడే చేశారు. దాదాపు ఆరేళ్లు. అప్పుడు ఎవరైనా వచ్చి, దేవుడు బాలాలయంలో ఉన్నాడు కదా, కొండ మీద జాగా ఖాళీయే కదా అంటే ఊరుకునేవాళ్లమా? దేవుణ్ని బాలాలయంలోకి తెచ్చేది మళ్లీ తీసుకెళ్లడానికే. కరాచీ వాళ్లు కూడా మరమ్మతు చేయించుకునేదాకా అని, మనసొప్పక, తాత్కాలికంగా మార్చుకున్నారు. వాళ్లు దాన్ని ఏ పేరుతో పిలిచినా ఆ వెనక గది బాలాలయమే. అమ్మవారు తిరిగి వెళ్లాల్సిన చోటును పడగొట్టి, అమ్మవారు బాగానే ఉంది కదా అంటే ఎలా?

(పెదనాన్న పెన్సిల్ కింద పెట్టి, కాగితాలు ముందుకు వెనక్కి తిప్పారు.)

పెదనాన్న: ఇది నీ వ్యాసంలో ఉందా?

నేను: లేదు.

పెదనాన్న: మరెందుకు లేదు? "కూల్చేశారు" అని అరిచిన మాట ఉంది గానీ చెప్పాల్సింది లేదు. సరే, రెండో వాక్యానికి వద్దాం. "రెండు రోజుల్లో రెండు గుళ్లు" అన్నావు. జులై 16న సింధ్‌లోనే ఉన్న కశ్మోర్‌లో జరిగిందేంటి? దోపిడీ ముఠా రాకెట్లతో గుడి మీద, పక్కనున్న హిందువుల ఇళ్ల మీద దాడి చేసింది. ఒక పాకిస్తానీ మహిళ భారత్‌కు వచ్చేసిందన్న కోపంతో ఆ ముఠాలు అప్పటికే హిందువులను బెదిరిస్తున్నాయి. దానికీ సోల్జర్ బజార్‌కూ ఏం సంబంధం?

నేను: బాధితులు ఒకరే. అది చాలదా?

పెదనాన్న: కన్నీళ్లకు చాలుతుంది, కేసుకు చాలదు. బిల్డర్ మీదైతే కాగితాలు తిరగేయాలి, స్టే తేవాలి. బందిపోట్ల మీదైతే పోలీసు బలగం కావాలి. రెండూ కలిపి ఒక్క శీర్షికలో కుక్కితే ఎవణ్ని నిలదీయాలో తెలియదు. కరక్ సంగతి చూడు. 2020 డిసెంబర్ 30న ఆ జిల్లాలోని తేరి గ్రామంలో పరమహంస మహారాజ్ సమాధి మందిరాన్ని గుంపు తగలబెట్టి పడగొట్టింది. వీడియోలున్నాయి, పట్టపగలు జరిగింది, ఎవరూ లేదనలేకపోయారు. సుప్రీంకోర్టు దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుని తిరిగి కట్టమంది. ఖర్చు దోషుల దగ్గర వసూలు చేయమంది. మరుసటేడు దీపావళికి ప్రధాన న్యాయమూర్తి గుల్జార్ అహ్మద్ స్వయంగా అక్కడికి వెళ్లారు. స్పష్టతకున్న బలం అది.

నేను: ఆ గుడినే 1997లో ఒకసారి పడగొట్టారని కూడా చెప్పండి. మళ్లీ కట్టుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. కట్టుకున్నాక మళ్లీ తగలబెట్టారు. వీడియో ఉంటేనే న్యాయమంటే, కరెంటు తీసి కూల్చేవాడికి దారి చూపించినట్టే కదా? కరక్‌లో గుంపు, కశ్మోర్‌లో బందిపోట్లు, కరాచీలో భూమి మీద ఆశ. నిజమే, మూడూ వేరు. కానీ ముగ్గురూ గుడి దగ్గరికే ఎందుకు వెళ్లారు? అడిగేవాళ్లు తక్కువన్న ధీమా. వందలమంది రోజూ నమాజుకు వచ్చే చోటికి ఆ రాత్రి బుల్డోజర్ వెళ్లేదా?

పెదనాన్న: వెళ్లేది కాదు. ఒప్పుకుంటాను. అందుకే జాగ్రత్తగా రాయమంటున్నాను తల్లీ. నువ్వు "నేలమట్టం" అంటే, గోడలున్నాయిగా అని మేయర్ ఒక్క మాటతో తప్పించుకుంటాడు. "గోడలుంచి, లోపలిది పడగొట్టారు" అని రాస్తే ఆయన గేటు తీసి చూపించక తప్పదు. ఇంకోటి. మనం ఇక్కడ కోపంగా ఓ మాట అనేసి అన్నం తిని పడుకుంటాం. వాళ్లు పొద్దున్నే లేచి ఆ వీధిలోనే పాలు కొనుక్కోవాలి. వాళ్లు పొరుగువాళ్ల మతాన్ని తిట్టలేదు. ముఖ్యమంత్రినీ, పోలీసు ఐజీనీ, పాకిస్తాన్ హిందూ కౌన్సిల్‌నూ పట్టించుకోమని అడిగారు. వాళ్లు అడగనిది వాళ్ల నోట పెట్టకు.

నేను: పెట్టను. కానీ విచారణ తేలేదాకా ఆగమంటే ఆగను. తేలేలోపు అక్కడ పునాది తీస్తారు.

పెదనాన్న: ఆగమని ఎవరన్నారు? కాగితం ఇలా ఇవ్వు. "ఆరోపణ" వద్దు. "ఆలయ నిర్వాహకులు, ఇరుగుపొరుగువారు చెబుతున్నారు" అని పెట్టు. చూసినవాళ్లకు ఇవ్వాల్సిన గౌరవం అది. "నేలమట్టం" కొట్టేసి "లోపలి కట్టడం" అని రాయి. కశ్మోర్‌ను వేరే పేరాలోకి తీసుకెళ్లు. ఆ తర్వాత మేయర్ మాట.

నేను: మేయర్ మాట తర్వాత, విగ్రహాలు వెనక గదిలో ఉన్న సంగతి.

పెదనాన్న: కాదు. అది మొదటి వాక్యంలోనే రావాలి.