డెల్టా ఫైలు చెత్త కాదు, చెయ్యి తీయండి

‘డేటాస్టోర్ నిండిందా? అయిదు నిమిషాల్లో చోటు!’ అనే మెసేజ్ అమీర్‌పేట నుంచి గచ్చిబౌలి దాకా వీఎంవేర్ (ఒక సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు, నడిపే సాఫ్ట్‌వేర్) గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. డేటాస్టోర్ అంటే ఆ వీఎంల ఫైళ్లుండే చోటు. పంపినవాళ్లే మళ్లీ పంపుతున్నారు. ల్యాబ్‌లో ఒక్కసారి చేసి చూసినా పంపేవాళ్లు కాదు. అందులోని సలహాలు ఒక్కొక్కటీ చూద్దాం.

‘డిస్క్ పెంచే ముందు స్నాప్‌షాట్ తీసుకోండి.’ స్నాప్‌షాట్ (వీఎం ఆ క్షణపు స్థితిని పట్టి ఉంచేది) ఉంటే ఎడిట్ సెట్టింగ్స్‌లో సైజు గడి అంకె మార్చనివ్వదు. బ్యాకప్ తీసుకోండి, చాలు.

‘వీసెంటర్‌లో సైజు పెంచితే లోపల దానంతటదే పెరుగుతుంది.’ వీసెంటర్ వీఎంలని బయటినుంచి నడిపే తెర; లోపలి లినక్స్‌కి కల వస్తుంది కాబోలు! డిస్క్ రీస్కాన్ (కొత్త సైజు కనపడటానికి), గ్రోపార్ట్ (పార్టిషన్ పెంచడానికి), పీవీరీసైజ్ (పీవీ, అంటే ఎల్వీఎం వాడుకునే డిస్క్ చోటు, పెంచడానికి), ఎల్వీఎక్స్‌టెండ్ (అందులోని వాల్యూమ్ పెంచడానికి): వరస ఇదీ. చివరిదానికి మైనస్ ఆర్ తగిలిస్తే ఫైల్‌సిస్టమ్‌నీ అదే పెంచుతుంది. గ్రోపార్ట్‌లో డిస్క్ పేరుకీ పార్టిషన్ నంబరుకీ మధ్య ఖాళీ వదలాలి. ‘ఎస్‌డీఏ2’ అని కలిపి కొడితే ఒప్పుకోదు.

ఇక అసలు ఘోరం. ‘డేటాస్టోర్ బ్రౌజర్‌లో పేరు చివర 000001 ఉన్న పాత వీఎండీకేలు తీసేయండి. డిలీట్ కాకపోతే వీఎం ఆపి తీసేయండి.’

పాతవని ఎవరు చెప్పారు స్వామీ? స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి అసలు వీఎండీకే, అంటే డిస్క్ ఫైలు, చదవడానికే. ఆ తర్వాత రాసేదంతా ఈ 000001 లోకే, అంటే డెల్టా ఫైల్లోకే, పోతుంది. అంటే ఆ ఫోల్డర్‌లో అన్నిటికన్నా తాజా డేటా అదే. మార్చిలో తీసి మరిచిపోయిన స్నాప్‌షాట్ అయితే, మార్చి తర్వాతి ఇన్‌వాయిసులన్నీ అందులోనే. వీఎం నడుస్తుండగా డిలీట్ కాకుండా అడ్డుపడేది లాక్. మీ మెసేజ్ ఆ తాళం తీసే ఉపాయం కూడా చెప్తోంది, ధన్యవాదాలు! తీసేశాక పవర్ ఆన్ చేస్తే ఫైలు లేదంటుంది. అసలు డిస్క్ తగిలిస్తే లేస్తుంది, మార్చి నాటి సర్వర్‌గా.

చేయాల్సింది ఇదీ. ఎడిట్ సెట్టింగ్స్‌లో డిస్క్ ఫైలు పేరు చూడండి. 000001 కనిపిస్తే వీఎం దానిమీదే నడుస్తోంది. స్నాప్‌షాట్ మేనేజర్‌లో డిలీట్ ఆల్ కొట్టండి. అక్కడేమీ కనిపించకపోతే కన్సాలిడేట్. ‘డిలీట్’ అని పేరున్నా, డిలీట్ ఆల్ డెల్టాని అసలు డిస్క్‌లో కలుపుతుంది. 99 శాతం దగ్గర గంట కూర్చున్నా హోస్ట్‌ని (వీఎంలు నడిచే అసలు సర్వర్‌ని) రీబూట్ చేయకండి. కలపడానికీ చోటు లేకపోతే ఇంకో వీఎంని స్టోరేజ్ వీమోషన్‌తో వేరే డేటాస్టోర్‌కి పంపండి. లేదా టెస్ట్ వీఎం ఒకటి ఆపండి: మెమరీ రిజర్వేషన్ (ముందే కేటాయింపు) లేని 64 జీబీ మెమరీ వీఎం ఆగితే డేటాస్టోర్‌లోని దాని 64 జీబీ స్వాప్ ఫైలు పోతుంది.

‘థిన్ పెడితే చోటు ఫ్రీ.’ థిన్ అంటే రాసినకొద్దీ చోటు తీసుకునే డిస్క్. అప్పు తెచ్చి పండగ చేసినట్టు. 2 టీబీ డేటాస్టోర్ మీద 5 టీబీ పంచి, అది నిండిన రోజు కొత్త బ్లాకు అడిగిన ప్రతి వీఎం అక్కడే ఆగుతుంది. 75, 85 శాతాల అలారాలు వీసెంటర్‌లో ముందే ఉంటాయి, మెయిల్ వచ్చేలా పెట్టుకోండి.

‘2 టీబీ దాటించాలంటే వీఎం ఆపాలి.’ వీస్ఫియర్ (వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) 6.5 నుంచి అక్కర్లేదు. లోపల ఎంబీఆర్ (2 టీబీ దాటి పార్టిషన్ చేయలేని పాత పద్ధతి) ఉంటే అది వేరే తలనొప్పి.

చివరి పాయింటు మాత్రం, ఒప్పుకోక తప్పదు, బంగారం: ‘డేటాకి వేరే డిస్క్ ఇచ్చి, పార్టిషన్ లేకుండా మొత్తం డిస్క్‌నే పీవీ చేయండి.’ గ్రోపార్ట్ అవసరమే ఉండదు. విండోస్‌లోనూ డేటా డ్రైవ్ వేరే డిస్క్ మీద ఉంటే, సీ డ్రైవ్ పక్కన అడ్డంగా కూర్చునే రికవరీ పార్టిషన్‌తో గొడవ లేదు. రాసినవాళ్లెవరో గానీ, ఈ ఒక్కటీ పైన పెట్టాల్సింది.