వీడ్కోలు వాళ్లది, ప్రసంగం మనది

అమెరికాలో మన తెలుగు సంఘం మొన్న జరిపిన ఉగాది సంబరాల్లో పులిహోర బాగుందన్నారు, పార్కింగ్ దొరకలేదన్నారు, యాంకర్ చీర గురించి కూడా మాట్లాడుకున్నారు. తెలుగు బడి పూర్తిచేసిన పిల్లల ఐటెం గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి అందులో ఏం మిగిలిందని? పంచాంగ శ్రవణానికీ స్పాన్సర్ల సత్కారానికీ మధ్య ఎనిమిది మంది పిల్లలు వరసగా నిలబడి, "దేశభాషలందు తెలుగు లెస్స" అని మొదలుపెట్టి, తలా రెండు వాక్యాలు అప్పజెప్పి దిగిపోయారు. మొత్తం మూడు నిమిషాలు.

ఆ పిల్లలకు ఆదివారాలు పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి, వాళ్లు అసలు తయారుచేసుకున్నది ఏమిటో నాకు తెలుసు. 12 నిమిషాల నాటిక అది. పేరు 'హాజరు'.

అందులో పెద్ద కథేమీ లేదు. ఒక అమ్మాయి గురువు వేషంలో, అంటే నా వేషంలోనే లెండి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని పేర్లు పిలుస్తుంది. పేరు పిలిచినప్పుడల్లా ఒకరు లేచి తెలుగు బడిలో తన సంగతి ఒకటి చెబుతారు. ఒకడు హోంవర్కు ఎప్పుడూ కారులోనే రాశాడట. వాళ్ల నాన్న బ్రేకు వేసినప్పుడల్లా 'క్ష' పక్క గడిలోకి వెళ్లిపోయేదట. ఇంకో అమ్మాయి మొదటి ఏడాదంతా కడుపునొప్పి నాటకం ఆడితే, వాళ్లమ్మ వాము నీళ్లు తాగించి మరీ బండెక్కించేది. చర్చివాళ్లు మనకు అద్దెకిచ్చిన గదిలో హీటర్ చప్పుడు, చలికి కోట్లు విప్పకుండానే రాసిన డిక్టేషన్లు, గుణింతాల కన్నా బాగా గుర్తున్న డోనట్ల పెట్టె... అన్నీ పెట్టారు.

2020లో బడి జూమ్‌లోకి మారినప్పుడు ఒక కుర్రాడి నానమ్మ గారు ఖమ్మం నుంచి ప్రతి వారం క్లాసుకు వచ్చేవారు. మాకు ఆదివారం పొద్దున, ఆవిడకు రాత్రి భోజనాలయ్యాక. ఎవరైనా వేమన పద్యం తప్పు చదివితే మ్యూట్ తీసి దిద్దేవారు. ఒక్కోసారి నన్ను కూడా. ఆవిడ ఇప్పుడు లేరు. పిల్లలు తమ హాజరు పట్టీలో ఆవిడ పేరు కూడా రాసుకున్నారు. ఆ పేరు పిలిచినప్పుడు ఎవరూ పలకరు. రెండోసారి పిలిస్తే మనవడు లేచి ఆవిడ దిద్దిన పద్యం తప్పు లేకుండా చదువుతాడు. ఇదంతా వాళ్లంతట వాళ్లు అనుకున్నదే. నేను ఒక్క ముక్క చెప్పలేదు.

రిహార్సల్ చూసిన కల్చరల్ కమిటీ వాళ్లకు ఇది నచ్చలేదు. గురువును అనుకరించడం మన సంప్రదాయం కాదన్నారు. ఇంగ్లీషు మాటలు ఎక్కువున్నాయన్నారు. పండగపూట పోయినవాళ్ల ప్రస్తావన అశుభం అన్నారు. పైగా టైం లేదు. రెండు రోజుల్లో వాట్సాప్‌లో కొత్త స్క్రిప్టు వచ్చింది. మంచి గ్రాంథికం. అందులో సగం మాటలు నేనింకా వాళ్లకు నేర్పనే లేదు.

సంప్రదాయం మాటకొస్తే, నేను చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో. పదో తరగతి వాళ్లకు సెల్ఫ్ గవర్నమెంట్ డే అని ఒకరోజు ఉండేది. ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు హెడ్‌మాస్టరు మొదలు గంట కొట్టే ప్యూను దాకా అందరూ మేమే. అమ్మాయిలు వాళ్లమ్మల చీరలు కట్టుకుని టీచర్లయ్యేవారు. నేను లెక్కల మాస్టారిని. ఆయన నడక, దగ్గు, నిద్రపోయేవాడి మీదికి చాక్‌పీసు విసిరే తీరు, ఏదీ వదల్లేదు. మాస్టారు ఆఖరి బెంచీలో కూర్చుని అంతా చూసి, "ఒరేయ్, నేను విసిరేది ఎడం చేత్తోరా" అన్నారు. ఆయనకు జరిగిన అగౌరవం అంతే.

అలాగని మా ఊరి బడిని నేను నెత్తికెత్తుకోవడం లేదు. పబ్లిక్ పరీక్షల ముందు జరిగిన వీడ్కోలు సభలో మైకు దొరికింది ఇద్దరికే. ఒకడు ఫస్టు మార్కులవాడు, ఇంకొకడు సర్పంచి గారబ్బాయి. వెనక బెంచీల వాళ్లు షామియానా గుంజలు పాతి, మిక్చరు పొట్లాలు కట్టి, ఫొటోలో చివర నిలబడ్డారు. పెద్దలందరూ స్కూలు పేరు నిలబెట్టమని చెప్పారే గాని, ఇక్కడ మీకు ఈ అయిదేళ్లూ ఎలా గడిచాయని ఒక్కరూ అడగలేదు. ఆ రెండు అలవాట్లలో మొదటిదాన్ని ఊళ్లోనే వదిలేసి, రెండోదాన్ని విమానం ఎక్కించి తెచ్చుకున్నాం.

కమిటీ బాధ నాకు తెలియనిది కాదు. హాలు అద్దె గంటల లెక్కన. పదింటికి తాళం పడుతుంది. ఒక గ్రూప్ డాన్సులో 20 మంది పిల్లలుంటే 20 కుటుంబాలు టిక్కెట్లు కొంటాయి. బడి పిల్లలు ఎనిమిది మందే. పైసా తీసుకోకుండా నెలల తరబడి తిరిగి, చివరికి అందరిచేతా మాటలు పడేది కూడా వాళ్లే. స్పాన్సర్లకు శాలువా కప్పకపోతే వచ్చే ఏడాది భోజనాలు ఉండవు. అంతా నిజమే. అయినా ఒక సినిమా పాట తక్కువైతే ఎవరికీ గుర్తుండేది కాదు.

2007లో సిలికానాంధ్ర మనబడి మొదలయ్యాక అమెరికాలో తెలుగు చదువుకు ఒక పద్ధతి వచ్చింది. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయం పేరుతో ధ్రువపత్రాలు వచ్చాయి. ఇంగ్లీషుతో పాటు ఇంకో భాష కూడా బాగా వచ్చిన హైస్కూలు పిల్లలకు ఇచ్చే గుర్తింపు, కాలిఫోర్నియా 2011లో చట్టం చేసిన సీల్ ఆఫ్ బైలిటరసీ, ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. కొత్తగా చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులకు ఇవన్నీ నేనూ చెబుతాను. పిల్లల నాటికలో మాత్రం సర్టిఫికెట్ ఊసే లేదు. వాళ్లకు గుర్తున్నది ఒకరికొకరు. వీళ్లు తలా ఒక ఊరి నుంచి వస్తారు, తలా ఒక ఇంగ్లీషు బడి. అక్కడ ఎనిమిదో తరగతి అయిపోతే ఇయర్‌బుక్‌లో సంతకాలు చేసుకుంటారు, వేడుక ఉంటుంది. ఇక్కడ వాళ్లకున్నది ఈ ఒక్క ఐటెమే. వచ్చే ఆదివారం నుంచి వాళ్లు కలుసుకోవడానికి చోటు లేదు.

పెద్దయ్యాక పిల్లలు సంఘం గడప తొక్కడం లేదని ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ వాపోతాం. ఆ రోజు స్టేజీ దిగాక, నా వేషం వేయాల్సిన అమ్మాయి అడిగింది: "గురువు గారూ, వచ్చే సంవత్సరం మా తమ్ముడి క్లాసుకి కూడా ఇదే పేపర్ ఇస్తారా?" వెటకారం కాదు, మామూలుగానే అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

కమిటీవారికి చేతులు జోడించి అడుగుతున్నాను. వచ్చే ఉగాదికి జ్యోతి ప్రజ్వలన కాగానే, జనం హాల్లో ఉండగానే, బడి పూర్తిచేసిన పిల్లలకు 15 నిమిషాలు ఇవ్వండి. వాళ్ల స్క్రిప్టు ఎవరూ దిద్దొద్దు, నాతో సహా. ఒత్తు జారినా, మధ్యలో ఇంగ్లీషు దొర్లినా ముందు వరసల్లో నవ్వొద్దు. ఇంకా టైం చాలకపోతే ముందు మా పెద్దవాళ్ల ప్రసంగాలు తీసేయండి. నన్ను అనుకరిస్తే నాకు అభ్యంతరం లేదని కావాలంటే ఇప్పుడే రాసి సంతకం పెట్టి ఇస్తాను.