గేర్ల సైకిలు స్టాండు ప్లేటు గారికి బహిరంగ లేఖ

అయ్యా ప్లేటు గారూ,

మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు, మీ ముఖం ఎప్పుడూ రోడ్డు వైపే ఉంటుంది కదా. నేను మాత్రం సైకిలును వాకిట్లో తలకిందులు చేసి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక చేత్తో ఫోను లైటు పట్టుకుని మిమ్మల్ని దర్శించుకుంటూనే ఉన్నాను. భద్రకాళి గుళ్లో కూడా అంతసేపు వంగి నిలబడిన పాపాన పోలేదు.

మిమ్మల్ని ఎరగనివాళ్లకు ముందు పరిచయం చేయాలి. పెడళ్ల ఇరుసు ఉండే గుండ్రటి గొట్టం, మెకానిక్‌లు బీబీ అంటారే, దాని నుంచి వెనక చక్రానికి రెండు గొట్టాలు పోతాయి. ఆ రెండింటి మధ్య అడ్డంగా వెల్డింగ్ చేసిన ముక్క, నడుమ ఒక బెజ్జం, అదే తమరు. ఆ బెజ్జంలో 10 మిల్లీమీటర్ల బోల్టు వేసి సైడ్ స్టాండు బిగిస్తారు. మీ పుట్టుకకు కారణం మంచిదే, కాదనను. మీరు లేని ఫ్రేముకు స్టాండు పెట్టాలంటే పైనొక పట్టీ, కిందొక పట్టీ వేసి ఆ గొట్టాలనే నొక్కి పట్టాలి, స్టాండు కదులుతోందని ఇంకో చుట్టు, ఇంకో చుట్టు బిగించేసరికి పల్చటి గొట్టం కాస్తా సొట్టపోతుంది. గొట్టాల ప్రాణం కాపాడమని మిమ్మల్ని పెట్టారు. మీరు వాటిని కాపాడి, గేర్ వైర్ల గొంతు పట్టుకున్నారు.

ఎందుకంటే మీరు కూర్చున్నది ఖాళీ స్థలం కాదు. చాలా గేర్ల సైకిళ్లలో హ్యాండిల్ నుంచి వచ్చే రెండు వైర్లూ ఫ్రేము కింది గొట్టం వెంట దిగి, బీబీ అడుగున ఒక్క స్క్రూతో బిగించిన ప్లాస్టిక్ ముక్క గాడుల్లోంచి జారి, అక్కడ విడిపోతాయి. ఒకటి బీబీకీ మీకూ మధ్య ఉన్న సందులోంచి పైకి లేచి ముందు డీరైలర్‌కు (చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) పోవాలి, ఇంకోటి కుడివైపు గొట్టం అడుగు నుంచి వెనక డీరైలర్‌కు పోవాలి. మొదటిదానికి మీరే సందు మూస్తారు. రెండోదాన్ని మీ కింద వేలాడే స్టాండు తల నలుపుతుంది.

వరంగల్ వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగినప్పుడు తప్పు నీళ్లది కాదని, నీళ్ల దారిలో గోడలు లేపినోళ్లదని ఊరంతా అనుకుంది. మీదీ అదే కబ్జా. అక్కడైనా మార్కింగులు పెట్టి కూల్చడానికి జేసీబీలు వచ్చాయి, మీ దగ్గరికి వచ్చేది పానా పట్టుకున్న నేనొక్కణ్ణే.

మీకు మిల్లీమీటరు విలువ తెలియదు, అదీ అసలు బాధ. గేర్ వైరు లావే 1.2 మిల్లీమీటర్లు. వెనక 8 పళ్ల చక్రాలుండే (8 స్పీడుల) సైకిలుకు షిమానో కంపెనీ చేసే షిఫ్టర్, అంటే హ్యాండిల్ మీది గేరు మీట, ఒక క్లిక్కుకు లాగే వైరు దాదాపు 2.8 మిల్లీమీటర్లు. మీ అంచు మీద వంకరపోయి ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా క్లిక్కులో మూడో వంతు పోయినట్టే. పాతకాలపు లివర్లకు క్లిక్కులు లేవు, చైను గరగరమంటే బొటనవేలితో కాస్త అటో ఇటో జరుపుకునేవాళ్లు. 1984లో షిమానో వాళ్లు డ్యూరా ఏస్ అనే రేసు గేర్ల సెట్‌తో క్లిక్కుల పద్ధతి తెచ్చాక వేలికి ఆ అధికారం పోయింది, వైరు పొడవు ఎంతంటే గేరు అంత.

పైగా మీ దౌర్జన్యం ఒకవైపే కనబడుతుంది, అందుకే జనం మిమ్మల్ని అనుమానించరు. చైనును వెనక పెద్ద పళ్ల చక్రానికి ఎక్కించేటప్పుడు వేలి బలం ఉంటుంది కాబట్టి నలిగిన వైరు కూడా మూలుగుతూ వస్తుంది. చిన్న పళ్ల చక్రానికి దించేటప్పుడు లాగేవాళ్లెవరూ లేరు, డీరైలర్‌లోని స్ప్రింగే వైరును తనవైపు గుంజుకోవాలి, మీ చేతికి చిక్కినదాన్ని విడిపించుకునేంత సత్తా ఆ స్ప్రింగుకు లేదు. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేదాకా బుద్ధిగా ఉన్న గేరు, దిగేటప్పుడు ఎన్ని క్లిక్కులు కొట్టినా ఉలకదు. కాళ్లు ఊరికే గిరగిరా తిరుగుతుంటే పక్కనుంచి పాల క్యాన్లు కట్టుకున్న గేర్లు లేని సైకిలు దాటిపోతుంది, ఆయన ఒకసారి వెనక్కి తిరిగి కూడా చూస్తాడు. ఆ తర్వాత ఏదో గుంత తగిలి, కొట్టిన క్లిక్కులన్నీ ఒకేసారి పడతాయి. ముందు డీరైలర్ వైరు బిగుసుకుంటే ఇంకో తంటా: చైను పెద్ద చైన్ వీల్ మీది నుంచి దిగనంటుంది, అదీ సరిగ్గా ఎత్తు మొదలయ్యే చోట.

స్టాండు పీకేయొచ్చు కదా అనే మేధావులుంటారు. వాళ్ల సైకిళ్లు గోడలకు ఆనుకుని ఫొటోలు దిగుతాయి. హనుమకొండ చౌరస్తా దగ్గర టిఫిన్ బండి ముందు ఆగినవాడు దేనికి ఆనించాలి, ఇడ్లీ పాత్రకా? నల్ల సైకిళ్ల కాలంలో స్టాండు వెనక ఇరుసుకే ఉండేది, చక్రాన్ని లేపి నిలబెట్టేది, క్యారియర్ మీద బియ్యం బస్తా వేసినా కదిలేది కాదు, ఏ వైరుకూ అడ్డం రాలేదు. (ఆ సైకిళ్లకు బ్రేకులు కూడా వైర్లతో కాదు, కడ్డీలతో పనిచేసేవి. కాబట్టి ఈ పోలిక మీకు అన్యాయమే. అయినా చేస్తాను.)

మా మెకానిక్ తమ్ముడు మీ కేసు అర నిమిషంలో తేల్చేశాడు. "అన్నా, నీకు గేర్ గావాల్నా, స్టాండు గావాల్నా? ఒక్కటి చెప్పు." రెండూ కావాలి తమ్మీ, రెండింటికీ డబ్బులు కట్టిన అన్నాను. నవ్వి వేరే పంచర్ చూసుకున్నాడు.

కుడివైపు గొట్టం కింద, స్టాండు తల కూర్చునే చోట చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది మీ నిర్వాకం. గ్రీజు, మట్టి కలిసిన నల్లటి జిడ్డు, దాని కింద చపటా అయిన వైరు, విడిపోయిన ఒకటి రెండు పోగులు వేలికి గుచ్చుకునేదాకా కంటికి ఆనవు. కొందరు ఆ మేర 4 మిల్లీమీటర్ల తొడుగు వేసి జిప్ టైలతో కట్టేస్తారు, స్టాండు తల దాని మీద కూర్చుంటే తొడుగు కూడా నలుగుతుంది, లాభం లేదు. నేను కొత్త వైరు వేసి, ఆ కాస్త మేర సన్నటి టెఫ్లాన్ గొట్టం తొడిగి, స్టాండు తలలో వైరు పోయే మూలను ఆకురాయితో రాసి గాడి తీశాను. మిమ్మల్ని ముట్టుకోలేదు, కంగారుపడకండి, ఫ్రేము మీద ఆకురాయి పెట్టే రకం కాదు నేను. ఇప్పుడు బోల్టు సగం బిగించి, షిఫ్టర్ ఈ చివర నుంచి ఆ చివరదాకా నొక్కి చూశాకే మిగతా సగం. కాస్త దారికొచ్చారు.

1937 దాకా టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పోటీలో డీరైలర్లను రానివ్వలేదు, ఆ పోటీ మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కు అవంటే గిట్టేది కాదు. ఆయన ఇప్పుడుంటే మీకు శాలువా కప్పేవాడు. మేం అంత దూరం పోలేం. మీ రాజీనామా కూడా అడగడం లేదు, బదిలీ చాలు. వెనక ఇరుసు దగ్గర ఎడమవైపు గొట్టం చివర రెండు బోల్టుల స్టాండుకు చోటున్న ఫ్రేములు వస్తున్నాయి, బోల్టుల మధ్య 18 మిల్లీమీటర్లో 40 మిల్లీమీటర్లో దూరం. అటువైపు గేర్ వైరు రాదు, డిస్క్ బ్రేకు ఉంటే దానితో మీరే మాట్లాడుకోండి. బదిలీ కుదరదంటే వైర్లనే పై గొట్టం మీదుగా తిప్పమని ఫ్రేము గీసేవాళ్లకు చెప్పండి, మౌంటెన్ బైకుల్లో ఎప్పటినుంచో ఉన్న దారే అది. 2016లో మా జిల్లాను ముక్కలు చేశారు, 2021లో వరంగల్ అర్బన్‌ను హనుమకొండ అన్నారు, రూరల్‌ను వరంగల్ అన్నారు, బోర్డులన్నీ మార్చారు. మిమ్మల్ని ఒక అడుగు వెనక్కి జరపడం అంతకన్నా కష్టమా?

ఇట్లు,
మీ బోల్టు బిగించేవాడు,
హనుమకొండ

తా.క.: ఆ బోల్టు మళ్లీ లూజైంది. ఆదివారం వస్తున్నాను, కుడివైపు కాస్త సర్దుకుని కూర్చోండి.