కలర్ పెద్దదా, సీక్వెన్స్ పెద్దదా?

మొన్న సంక్రాంతికి కావలిలో అక్కావాళ్ళింట్లో ఉన్నప్పుడు మేనల్లుడు అడిగాడు. "మామా, మీరంతా అమెరికాలో శుక్రవారం రాత్రుళ్ళు పోకర్ ఆడతారంట కదా, నాకూ నేర్పించు. మూడు ముక్కలాట వస్తే సరిపోద్దిలే?"

సరిపోదు. ఈ మాట వాడికంటే ముందు అమెరికాలో ఉన్న మనవాళ్ళకే చెప్పాలి. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి గరాజ్‌లో కూర్చోబెట్టి, "ఆడుతుంటే అదే వచ్చేస్తుంది" అని ఇరవై డాలర్లు పెట్టిస్తాం. నాకూ అట్లాగే నేర్పారు. మొదటి రాత్రే సీక్వెన్స్ (వరస అంకెల ముక్కలు) పడింది. మనూరి మూడు ముక్కలాటలో కలర్ (అన్నీ ఒకే గుర్తు ముక్కలు) కంటే అదే పెద్దది గనక ఉన్నదంతా తోసేశాను. ఎదుటాయన కలర్ చూపించి కుప్ప లాక్కున్నాడు.

ఏది అరుదుగా పడితే అది పెద్దది, అంతే. మూడేసి ముక్కలతో అయ్యే 22,100 చేతుల్లో (అంటే ముక్కల కూర్పుల్లో), రెండూ కలిసి పడేవి పక్కన పెడితే, ఉత్త సీక్వెన్సులు 720, ఉత్త కలర్లు 1,096. పోకర్‌లో చూసే ఐదు ముక్కలకొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. 25,98,960 చేతుల్లో సీక్వెన్సులు 10,200 ఉంటే, కలర్లు 5,108 మాత్రమే. ఈ ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

అందుకే వాడికి డబ్బుతో నేర్పలేదు. అక్క వామనగుంటలకని దాచిన చింతగింజల డబ్బా దించాం. (చేపల పులుసు ఉడికే ఇంట్లో చింతగింజలకేం కొదవ!) తలా రెండొందలు. చేతికి రెండు ముక్కలు, అందరికీ కలిపి నేల మీద ఐదు. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి తెరుస్తారు. ఏడింట్లో మంచి ఐదు నీవి. ఇదంతా పది నిమిషాల పని.

చిక్కంతా పందెంలోనే. 'బ్లైండ్' అనగానే వాడు ముక్కలు చూడకుండా గింజలు విసిరాడు. మూడు ముక్కలాటలో బ్లైండ్ అంటే మగతనం. పోకర్‌లో అది పంచేవాడి ఎడమ పక్క ఇద్దరూ వంతులవారీగా ముందే కట్టాల్సిన కట్నం. ఇంకోటి, అక్కడ షో దాకా పందెం తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ మిగిలినవాళ్ళంతా సమానంగా పెట్టగానే ఆ రౌండు మూసుకుపోతుంది, తర్వాతి ముక్క తెరుచుకుంటుంది.

ఒక ఆటలో వాడికి రెండు ఆఠీన్లు, నేల మీద ఇంకో రెండు. ఇంకొకటి పడితే కలర్. తెరవాల్సింది ఆఖరి ముక్క ఒక్కటే. కుప్పలో 60 గింజలుంటే బావ ఇంకో 60 తోశాడు. వాడు లెక్కబెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. "నీకు కనపడని ముక్కలు 46, అందులో ఆఠీన్లు 9. అంటే అయిదింట ఒకసారి తగులుద్ది. 120 కోసం 60 పెడుతున్నావు. మూడింట ఒకసారన్నా తగిలితేనే గిట్టుబాటు."

"నాన్న ఇరవయ్యే తోసుంటే?"

"80 కోసం 20. అయిదింట ఒకసారి తగిలితే చాలు. అప్పుడు దాదాపు సరికి సరి."

మొహం మాడ్చుకుని ముక్కలు కింద పెట్టాడు. తెరిస్తే ఆఠీన్ ఆసు! అయినా ఆ డ్రాప్ తప్పు కాదని ఒప్పించడానికి రాత్రి భోజనాల దాకా పట్టింది. బావకు మాత్రం చెప్పనక్కర్లేకపోయింది. రమ్మీలో ముందే ఇరవై పాయింట్లతో డ్రాప్ అయ్యేవాడికీ, ఆఖరిదాకా ఉండి ఎనభై ఫుల్ కౌంట్ ఇచ్చేవాడికీ తేడా ఆయనకు ముప్పై ఏళ్ళుగా తెలుసు.

పిల్లాణ్ణి చెడగొడుతున్నావని అక్క కోప్పడింది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజు అడవిలో బృహదశ్వ మహర్షి దగ్గర అక్షహృదయం (పాచికలాట రహస్యం) నేర్చుకున్నాడు. మన నెల్లూరి తిక్కన విరాటపర్వంలో ఆయనే కంకుభట్టై కొలువులో పాచికలాడతాడు. నేర్చుకోవడం పోగొట్టుకోవడానికి ముందే జరిగుంటే బాగుండేదని నా బాధ. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటల జోలికి వెళ్ళొద్దని కూడా వాడికి చెప్పాను. ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020 లో సవరించి వాటిని నిషేధించింది.

మన సంఘం దీపావళి రాత్రి ఆటలకు నాదొక ప్రతిపాదన. కొత్తవాళ్ళను డాలర్లకు ముందు ఒక గంట గింజలతో ఆడించండి. చింతగింజలు తెద్దామనుకున్నాను గానీ కస్టమ్స్ గుర్తొచ్చి మానేశాను. రాజ్మా అయినా పర్వాలేదు, రెండు ప్యాకెట్లు నేను తెస్తాను.