కనీసం ఒక క్యాపిటల్ లెటర్

తిరుపతిలో ‘లెటర్’ అనే మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. ఎప్పుడూ పలకరించని బంధువు ఫోను చేసి, పిల్లల చదువుల గురించి రెండు ముక్కలు అడిగి, కాస్త ఆగి, ‘లెటర్ ఏమైనా దొరుకుతుందా?’ అంటే ఆయనకు కావలసింది ఏబీసీడీలు కావని ఇక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు. ఎమ్మెల్యేగారిదో ఎంపీగారిదో సిఫార్సు లేఖ. అది ఉంటే బ్రేక్ దర్శనం, లేకపోతే కంపార్ట్‌మెంటులో గోవిందనామస్మరణ.

అందుకే కంప్యూటర్ మొదటిసారి ‘మీ పాస్‌వర్డ్‌లో కనీసం ఒక క్యాపిటల్ లెటర్ ఉండాలి’ అన్నప్పుడు మా మామయ్య ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ‘రాజధాని నుంచి తెమ్మంటోందిరా. ఇక్కడి లెటర్ చెల్లదు కాబోలు’ అన్నారు.

అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వును వెనక్కి తీసుకుంటున్నాను. మామయ్య చెప్పిన భాష్యం కంటే సరైనది నాకు ఇంతవరకు ఎక్కడా దొరకలేదు.

చరిత్ర చూడండి. సీసపు అచ్చులు పేర్చి పుస్తకాలు ముద్రించిన రోజుల్లో కంపోజిటర్ ఎదుట రెండు చెక్క పెట్టెలు, ఒకదానికి పైన ఇంకొకటి ఉండేవి. ఇంగ్లీషులో అప్పర్ కేస్, లోయర్ కేస్ అనే పేర్లు ఆ పెట్టెలవే. పై పెట్టెలో పెద్దక్షరాలు. వాటితో పని తక్కువ కనుక చేతికి కాస్త దూరంగా ఉన్నా నష్టం లేదు. కింది పెట్టెలో చిన్నక్షరాలు; రోజంతా చాకిరీ వాటిదే. పని లేనివారు పైన, పని చేసేవారు కింద అనే ఈ ఏర్పాటును ఏ ప్రభుత్వమూ జీవో ఇచ్చి తేలేదు. అయినా ఎంత చక్కగా అమలయిందో!

కంప్యూటర్లు ఇంకో అడుగు ముందుకు వేశాయి. అక్షరాలకు అంకెలు కేటాయించిన ఆస్కీ ప్రమాణం 1963లో వచ్చినప్పుడు అందులో పెద్దక్షరాలే ఉన్నాయి. చిన్నవాటికి 1967 సవరణలో గానీ చోటు దొరకలేదు. నాలుగేళ్లు బయటే నిలబడ్డాయి. సర్వదర్శనం క్యూ అనుభవం ఉన్నవారికి ఇది పెద్ద విశేషంగా తోచదు. పెద్ద ‘ఏ’కు 65, చిన్న ‘ఏ’కు 97 ఇచ్చారు. జెడ్ దాకా ఏ జంటను తీసుకున్నా తేడా సరిగ్గా 32. ఆ ప్రమాణంలో 32 అనేది ఏ అక్షరం సంఖ్యో చూద్దామని వెతికితే అది అక్షరమే కాదు, రెండు మాటల మధ్య వదిలే ఖాళీ. పెద్దకూ చిన్నకూ నడుమ ఉన్నది ఎంత అని లెక్క కడితే ఖాళీ తేలింది. ఈ సంగతి పెద్దక్షరాల చెవిన ఎవరూ వేయకపోవడం మంచిది.

మన లిపికి ఈ బాధ లేదు. తాళ్లపాకవారి సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల కొండ మీదే దొరికాయి. వాటిలో వేంకటేశుడికీ మామూలు మనిషికీ ఒకే ‘వ’. గౌరవం కావాలంటే మనం ‘గారు’ తగిలిస్తాం తప్ప అక్షరాన్ని ఉబ్బించం. మామయ్య చిత్తూరులో ముప్పై ఏళ్లు తెలుగు పండితులుగా పనిచేసినవారు కాబట్టి ఈ విషయంలో ఆయనకు పట్టింపు ఎక్కువ.

పింఛను కాగితం పని మీద బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్‌కు ఆయనను తీసుకువెళ్లాను. అక్కడి కుర్రవాడు మర్యాదగానే, ‘అయ్యవారూ, ఒక పెద్దక్షరం చెప్పండి’ అన్నాడు.

‘అయితే ఖ వెయ్యి నాయనా. మహాప్రాణాన్ని మించిన పెద్దక్షరం మనకు లేదు.’

‘ఇంగ్లీషులో అయ్యవారూ.’

‘ఇంగ్లీషులో మహాప్రాణం ఏది? వాళ్లు పెద్దరికాన్ని కంటికి చూపిస్తారు, మనం చెవికి వినిపిస్తాం.’

వెనక క్యూలో ఉన్నవారు ఇద్దరు తలలు ఊపారు. కుర్రవాడు మాత్రం గోడ గడియారం వైపు చూశాడు.

ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే అలవాటు ఉన్నవారికి మామయ్య మాటలోని సూక్ష్మం తెలుస్తుంది. ఆ పద్ధతిలో చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. చిన్న టి త, పెద్ద టి ట. షిఫ్టు మీట మీద వేలు ఒక్క క్షణం మరచిపోయి ఉంచితే ‘కల’ కాస్తా ‘కళ’ అవుతుంది, ఇంట్లో నిక్షేపంగా ఉన్న తాత ‘టాట’ అయిపోతాడు. అంటే తెలుగువాడి చేతిలో పడేసరికి పెద్దక్షరం కూడా హోదా వదిలేసి నాలుక మడతపెట్టే ఉద్యోగంలో చేరింది.

చివరకు మామయ్య ‘గోవింద’ అన్నారు. ఒప్పుకోలేదు. మొదటి జిని పెద్దది చేశారు. అంకె కావాలంది, చివర 123 చేర్చారు. స్పెషల్ క్యారెక్టర్ ఒకటి కావాలంది. ‘మా వీధిలోనే నలుగురున్నారు’ అని గొణిగి, మధ్యలో ఎట్ గుర్తు పెట్టమన్నారు. తలుపు తెరుచుకుంది. ముందు లెటర్ ఉన్న పెద్దమనిషి, వెనక చిన్నవాళ్లు, ఆ వెనక ఒక విచిత్రమైన వ్యక్తి, చివర చందా మొత్తం. మా ఊళ్లో ఏ సన్మాన సభ వేదిక చూసినా ఇదే వరస.

ఈ నియమం వెనక లెక్క ఉందని నిపుణులు అంటారు. ఉంది. ఎనిమిది చిన్నక్షరాలతో కట్టగల పాస్‌వర్డ్‌లు సుమారు 20,882 కోట్లు. పెద్దవీ కలుపుకుంటే 53 లక్షల కోట్లు దాటుతాయి, 256 రెట్లు. దొంగ బెంబేలెత్తవలసిందే. అయితే మనిషన్నవాడు పెద్దక్షరాన్ని ఎక్కడ కూర్చోబెడతాడు? మొదటి కుర్చీలో. ఎప్పుడూ అక్కడే కూర్చుంటే లెక్క మళ్లీ ఆ 20,882 కోట్లకే వచ్చి ఆగుతుంది. పెద్దాయన వేదిక ఎక్కాడు, దండ వేయించుకున్నాడు, సంస్థకు పైసా లాభం లేదు. పైగా ఈ ఊళ్లో దొంగకు గోవింద అనే మాట కొత్తా? పాస్‌వర్డ్ గోవింద అయినచోట ఖాతా గోవిందా కావడానికి ఎంతసేపు?

ఇలాంటి నియమాలను 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం రాసిన బిల్ బర్ అనే ఆయన, 2017లో, తాను చేసినదానిలో చాలాభాగానికి ఇప్పుడు చింతిస్తున్నానని ఒక పత్రికతో అన్నారు. ఆ ఏడాదే ఆ సంస్థ కూడా పద్ధతి మార్చింది. పెద్దదీ చిన్నదీ గుర్తూ అంటూ వేధించవద్దు, పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకోనివ్వండి, కారణం లేకుండా మాటిమాటికీ మార్పించవద్దు అంది. అక్కడ రాసినాయన పశ్చాత్తాపపడ్డాడు సరే, ఇక్కడ అమలు చేసేవారికి ఆ కబురు అందాలి కదా. బహుశా క్యూలో ఉంది. లెటర్ లేకుండా వచ్చి ఉంటుంది.

రెండు నెలల తరువాత మళ్లీ అదే నెట్ సెంటర్, అదే కుర్చీ. కుర్రవాడు అడిగాడు, మామయ్య క్యూ చివరి మనిషికి కూడా వినబడేలా ఒక్కొక్క అక్షరమూ చెప్పారు. పాఠం చెప్పిన గొంతు కదా! తెర మీద మాత్రం రహస్యం పొల్లుపోకుండా వరసగా నల్ల చుక్కలు పడ్డాయి. తప్పు అంది. మళ్లీ చెప్పారు. మళ్లీ తప్పు అంది. ఇంకొక్కసారి పొరపాటు జరిగితే ఖాతా మూసేస్తానని ఎర్రక్షరాల్లో హెచ్చరించింది. కుర్రవాడు చేతులు మీటల మీద నుంచి తీసేశాడు.

మా వెనక నిలబడిన పెద్దావిడ బియ్యం కార్డు కాగితాల సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని ముందుకు వంగింది.

‘అయ్యవారూ, మీది పెద్ద జి కదండీ? చిన్నది చెబుతున్నారు. పోయినసారి నేను కూడా ఇక్కడే ఉన్నాను.’

మామయ్య ఆమెకు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు. తలుపు తెరుచుకుంది.