ఆకు కషాయం దగ్గరే ఆగిపోయిన మన నానో ప్రాజెక్టులు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నానో కణాల మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు అంటే లోపల ఏముంటుందో పేజీ తిప్పకుండానే చాలావరకు చెప్పవచ్చు. వేపాకో, తులసో, మునగాకో మరిగించి వడగట్టిన కషాయంలో సిల్వర్ నైట్రేట్ ద్రావణం కలుపుతారు, అది గోధుమరంగుకు తిరుగుతుంది, ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యూవీ పరీక్షలో, వెండి నానో కణాలు ఏర్పడ్డాయనడానికి గుర్తుగా 420 నానోమీటర్ల దరిదాపుల్లో ఒక శిఖరం కనిపిస్తుంది, అంతటితో రిపోర్టు సిద్ధమవుతుంది. ఖర్చు తక్కువైన ఆ పద్ధతిని నేను చిన్నచూపు చూడడం లేదు. ఏటేటా ఆకు మారుతూ, అడిగే ప్రశ్న మాత్రం మారకపోవడమే నన్ను బాధిస్తోంది.

బ్రెడిగ్ విద్యుత్ చాపం (ఎలక్ట్రిక్ ఆర్క్) పద్ధతిని మన పిల్లలు ఇంటర్‌లోనే కంఠస్థం చేస్తారు. నీటిలో ముంచిన లోహపు కడ్డీల మధ్య చాపం వెలిగిస్తే లోహం ఆవిరై, చల్లని నీటిలో వెంటనే సూక్ష్మకణాలుగా ఘనీభవిస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. గరివిడి వైపు ఫెర్రో మిశ్రమలోహ పరిశ్రమల కొలిములకు ఇదే విద్యుత్ చాపం ఆధారమైన విజయనగరం జిల్లాలో, ప్రయోగశాలలో దాన్ని కళ్ళారా చూసిన విద్యార్థి నాకు ఇంతవరకు తారసపడలేదు.

నీటికి బదులు వాయువులో, ఎడతెగని చాపానికి బదులు క్షణికమైన స్పార్క్‌తో కణాలను తయారుచేసే పద్ధతిని 1988లో ష్విన్, గార్విన్, ష్మిట్-ఆట్ అనే శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఆర్గాన్ లేదా నైట్రోజన్ ప్రవహించే మూసిన చిన్న ఛాంబర్‌లో, ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడంతో రెండు లోహపు కడ్డీలను ఎదురెదురుగా నిలిపి, వాటికి విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్‌ను కలుపుతారు. వోల్టేజి పెరిగి వాయువు తట్టుకోలేని స్థాయికి చేరగానే స్పార్క్ దూకుతుంది, కొన్ని మైక్రోసెకన్లలో కడ్డీ కొనపై లోహం ఆవిరై, వాయువులో చల్లబడి కొన్ని నానోమీటర్ల కణాలవుతుంది. 20 నానోఫారడ్ల కెపాసిటర్ 3 కిలోవోల్టుల దగ్గర డిశ్చార్జి అయితే ఒక్కో స్పార్క్‌లో 90 మిల్లీజౌళ్ళ శక్తి విడుదలవుతుంది. సెకనుకు వంద స్పార్క్‌లు వచ్చినా మొత్తం 9 వాట్లే, అంటే మన ఇంటి ఎల్‌ఈడీ బల్బు వాడేంత.

ఇందులో లవణాలు లేవు, కషాయపు అవశేషాలు లేవు. పైగా ఒక కడ్డీ వెండిది, మరొకటి రాగిది పెడితే, ఘనస్థితిలో ఒకదానితో ఒకటి కలవడానికి మొరాయించే ఆ లోహాలు సైతం ఒకే కణంలో కలిసే అవకాశముంది. నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఇదే. ఉత్పత్తి గంటకు మిల్లీగ్రాముల్లోనే ఉంటుందన్న మాట నిజమే కానీ, విద్యార్థి కొలిచి పరిశీలించడానికి అది సరిపోతుంది.

అధిక వోల్టేజితో చెలగాటం కూడదు, పీల్చిన కణాలు ఊపిరితిత్తుల లోతులకు చేరతాయి. అందుకే ఇది ఇంట్లో చేసే ప్రయోగం కాదు. మూసిన ఛాంబర్, నమ్మకమైన ఎర్తింగ్, బయటికి వెళ్ళే వాయువుకు ఫిల్టర్, అనుభవమున్న అధ్యాపకుడి పర్యవేక్షణ తప్పనిసరి. ఇవి సమకూర్చడం విశ్వవిద్యాలయానికి మోయలేని భారం కాదు. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయంలోనో, విజయనగరంలోనో భౌతిక, రసాయన శాస్త్ర విభాగాలు రెండూ కలిసి ఒక్క స్పార్క్ జనరేటర్ నిర్మించి, వచ్చే ఏడాది ప్రాజెక్టుల్లో ఒక్కటైనా దానికి కేటాయించాలని కోరుతున్నాను.